తోడేలు రోగమున్న జీవాన్నే పడుతుందా? మా మంద లెక్క వేరే ఉంది

కళ్యాణదుర్గం పక్కోడు:
మొన్న మా ఊళ్లో రచ్చకట్ట మీద వాదన. చదువుకున్న ఒకాయన "పులి గానీ తోడేలు గానీ ముసలిదాన్ని, రోగమున్నదాన్ని ఏరుకుని తింటుంది, మందకు అదే మంచిది" అని తీరిగ్గా సెలవిచ్చినాడు. మా చిన్నాయనకు ఒళ్లు మండిపోయింది. ఎందుకంటే ఆయన మందలోంచి తోడేలు ఎత్తుకుపోయింది తల్లిపాలు కడుపు నిండా తాగి బొద్దుగా తయారైన పొట్టేలు పిల్లని. గాలికుంటు వచ్చి కాళ్లు ఈడుస్తున్న గొర్రె అదే మందలో ఉంది, దాని జోలికే పోలేదు. ఈ "బలహీనమైనదే పోతుంది" అనే మాట ఎవరైనా చూసి చెప్పిందా, లేక ఒకరిది చూసి ఒకరు రాసుకున్నదా?

జువాలజీ మాస్టారు, కర్నూలు:
చూసి చెప్పిందే. అమెరికాలో సుపీరియర్ సరస్సు మధ్య ఐల్ రాయల్ అని ఒక దీవి ఉంది. అక్కడ తోడేళ్లనీ, మూస్ అనే భారీ జింకల్నీ 1958 నుంచి గమనిస్తూనే ఉన్నారు. చచ్చిన మూస్‌ల ఎముకలు ఏరి, పళ్లు చూసి వయసు కడతారు. తోడేళ్ల నోట పడేవి ఎక్కువగా ఆ ఏడాది పుట్టిన పిల్లలు, లేదంటే కీళ్లవాతం పట్టిన ముసలివి. నడివయసులో గట్టిగా ఉన్నది దొరకడం అరుదు. మూస్ తన్నిందంటే తోడేలు పక్కటెముకలు విరుగుతాయి, అందుకే ముందు బెదిరించి చూస్తాయి, అది నిలబడి ఎదురు తిరిగిందంటే చాలాసార్లు వదిలేసి పోతాయి. మీ చిన్నాయన గారి పిల్ల కూడా ఆ లెక్కలోదే. పిల్ల అంటేనే బలహీనం కదా.

కళ్యాణదుర్గం పక్కోడు:
అట్లయితే ఏది పోయినా గెలుపు మీదే సార్. ముసలిది పోతే ముసలిది కాబట్టి, పిల్ల పోతే పిల్ల కాబట్టి, దిట్టమైన పొట్టేలు పోతే లోపలేదో రోగం ఉండి ఉంటుంది అంటారు. పోయినాక చెప్పే బలహీనత మాకెందుకు?

ఆత్మకూరు అడవి అంచు:
అన్న అడిగింది సరైన ప్రశ్న. తరిమి పట్టేవాటినీ పొంచి పట్టేవాటినీ ఒకే గాటన కట్టడం వల్ల వచ్చిన గోల ఇది. తోడేలు, రేచుకుక్క తరుముతాయి, పరుగులో ఏది వెనకబడుతుందో వాటి కళ్లకు కనిపిస్తుంది. చిరుత, పులి పద్ధతి వేరు. మా వైపు నల్లమలలో బోదగడ్డిలో నక్కి నక్కి బాగా దగ్గరికి వచ్చాకే దూకుతుంది. ఆ క్షణంలో దుప్పికి కీళ్ల నొప్పులున్నాయా అని చూసే తీరిక దానికెక్కడిది? తల వంచి మేస్తోందా, గాలి ఎటు తిరిగింది, గుంపుకు ఎంత ఎడంగా ఉంది, అంతే. దానికన్నా ముందు ఒంటి సైజు. కర్ణాటకలో నాగరహొళె అడవి మీద ఉల్లాస్ కారంత్, మెల్ సన్‌క్విస్ట్ 1995లో రాసింది చూడండి. ఒకే అడవిలో తిరిగే మూడు జంతువులు, పులి వేటల సగటు బరువు 90 కిలోలు దాటింది, చిరుతది 38 దగ్గర, రేచుకుక్కలది 43 దగ్గర. పులికి కుందేలు వెంట పడితే గిట్టుబాటు కాదు, చిరుత ఒంటరిగా పెద్ద కణితి (సాంబార్ జింక) పోతుతో పెట్టుకుంటే కొమ్ము దిగుతుంది. రోగం సంగతి ఆ తర్వాత.

జువాలజీ మాస్టారు, కర్నూలు:
తీరిక లేదన్నది ఒప్పుకోను. కొలరాడోలో కూగర్ అనే పెద్దపిల్లి కూడా మాటు వేసేదే. అవి చంపిన మ్యూల్ జింకల్లో మెదడును పాడుచేసే ప్రియాన్ రోగం ఉన్నవాటి శాతం, ఆ చుట్టుపక్కలే వేటగాళ్లు కాల్చినవాటిలో కంటే ఎక్కువని 2010లో తేల్చారు. దీనికేమంటారు?

ఆత్మకూరు అడవి అంచు:
ఆ రోగం పట్టిన జింకకు చుట్టూ కనిపెట్టుకుని ఉండే తెలివి తగ్గుతుంది మాస్టారూ, కూగర్‌కు దొరికింది ఆ ఏమరుపాటు. ఏ జబ్బూ లేని జంతువుకు కూడా ఏమరుపాటు ఉంటుంది కదా. ఆఫ్రికాలో చీతాలు థామ్సన్ గజెల్ జింకల్లో ఆడవాటికన్నా మగవాటిని ఎక్కువ పడతాయి. మగవి నీరసంగా ఉండి కాదు, గుంపు అంచున, పక్కదానికి దూరంగా మేస్తాయి, తల ఎత్తి చూసేది కూడా తక్కువ. 1990లో ఫిట్జ్‌గిబ్బన్ అనే పరిశోధకురాలు చెప్పిన కారణం ఇదే.

రోళ్లపాడు దారి:
మధ్యలో దూరుతున్నా, ఏమనుకోవద్దు. మా దగ్గర కృష్ణజింకలు బెదిరితే నాలుగు కాళ్లూ ఒకేసారి లేపి గెంతుతాయి, చూసే ఉంటారు. గజెల్‌లు కూడా అంతే. ఆఫ్రికా అడవి కుక్కలు వాటిలో తక్కువగా గెంతేవాటి వెంటే పడ్డాయని అదే ఫిట్జ్‌గిబ్బన్ ఇంకొకరితో కలిసి 1988లో రాసింది. అంటే గెంతలేనిది సత్తువ లేనిదని చూసి తరిమే జంతువు నిజంగానే ఎంచుకుంటుంది, ఇక్కడ మాస్టారి మాటకే నా ఓటు.

కళ్యాణదుర్గం పక్కోడు:
జింక గెంతి చూపిస్తుంది సరే, గొర్రెకు ఆ విద్య ఎక్కడుంది? ఆ రాత్రి జరిగింది చెబుతా వినండి. చేలో మంద పెట్టి చుట్టూ వల కట్టినారు, పిల్లల్ని గంపల కింద మూసినారు. కుంటుతున్న గొర్రె మంద నడుమ పండుకుంది. కుక్కలు మొరుగుతా ఒక దిక్కుకు ఉరికినాయి, ఇంకో దిక్కు నుంచి రెండో తోడేలు వచ్చింది. ఒక గంప వల పక్కనే ఉండింది, సరిగా మూయలేదు. మన తోడేలే ఇరవై కిలోల జంతువు, ముప్పై కిలోల ముసలి గొర్రెను ఎత్తుకుని ఎట్లా ఉరుకుతుంది సామీ? నోట కరుచుకుని పోగలిగినదాన్ని తీసుకుపోయింది.

జువాలజీ మాస్టారు, కర్నూలు:
బాగుంది. మరి దొడ్డిలో దూరి ఒక్క రాత్రిలో పది గొర్రెల్ని చంపి, ఒక్కదాన్ని తిని పోయే చిరుతకు ఈ లెక్కలన్నీ ఏమైనట్టు?

ఆత్మకూరు అడవి అంచు:
అక్కడ ఎంపిక అనేదే లేదు. అడవిలో ఒకటి పడగానే మిగతావి కనబడకుండా పోతాయి, వేట అక్కడితో సరి. దొడ్డిలో అవి ఎటూ పోలేక దాని కళ్లముందే గింగిరాలు కొడుతుంటే చంపే ఊపు ఆగదు. కంప ఎంత ఎత్తు వేసినా చిరుతకు లెక్కలేదు, పైన కప్పు ఉండాల్సిందే.

కళ్యాణదుర్గం పక్కోడు:
చిన్నాయనకు ఇదంతా చదివి వినిపించినా. "అయితే ఈసారి గాలికుంటు గొర్రెను వల అంచున పెట్టి, పిల్లల గంపలు నడుమ పెట్టుకుందామా, మాస్టారు చెప్పినట్టు దాన్నే పడుతుందేమో చూద్దాం" అంటున్నాడు. గొర్రె పోతే డబ్బులు మాత్రం మాస్టారే కట్టాలంట.