విండోస్ 11 హోమ్ నుంచి ప్రోకి మారితే ట్యాలీకి ఏమైనా ఇబ్బందా?

అందరికీ నమస్కారం. ఖమ్మంలో మా నాన్నగారి కంప్యూటర్‌లో, కొన్నప్పుడే వేసి ఇచ్చిన విండోస్ 11 హోమ్ ఉంది. దుకాణం లెక్కలన్నీ అందులోనే, ట్యాలీలో. హైదరాబాద్ నుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో దాన్ని తెరుద్దామంటే హోమ్ ఎడిషన్ ఒప్పుకోదు, ప్రో కావాలి. ఎనీడెస్క్ లాంటి రిమోట్ యాప్‌లు నాన్న వద్దంటున్నారు. ఎవరో ఫోన్ చేసి అలాంటివి వేయించి ఖాతా ఖాళీ చేసిన వార్తలు చదివారు. ఆ భయంలో తప్పేం లేదు లెండి. (రిమోట్ డెస్క్‌టాప్‌లోకి బయటివాళ్లు చొరబడకుండా, రూటర్‌లో పోర్ట్ తెరవను, వీపీఎన్ పెడతాను.)

సెట్టింగ్స్, సిస్టమ్, యాక్టివేషన్‌లోకి వెళ్లి ప్రో కీ (లైసెన్స్ కోడ్) కొడితే ఫార్మాట్ అక్కర్లేదని, ఫైళ్లు ఎక్కడివక్కడే ఉంటాయని తెలుసు. కానీ ట్యాలీ లైసెన్స్ మళ్లీ యాక్టివేట్ చేయమంటుందా? స్వయంగా మార్చినవాళ్లు చెప్పండి. డేటా బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో తీసిపెట్టాను.

ఇంకొకటి. మదర్‌బోర్డులో హోమ్ కీ ఉంటుంది కదా, రేపెప్పుడైనా విండోస్ మళ్లీ వేయాల్సొస్తే అడక్కుండా హోమ్‌నే ఎక్కిస్తుందట. అప్పుడు ప్రో రావాలంటే ఏం చేయాలి?

ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే అమ్మే కీలు నాకు నమ్మబుద్ధి కావట్లేదు. మీరు బిల్లుతో ఎక్కడ కొన్నారు, ఎంతైంది?