బ్లెయిర్ విచ్: చూపించకపోవడం పనితనమా, చేతగానితనమా?

తెరచాటు:
‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ వచ్చి పాతికేళ్లు దాటినా దాని మీద తగువు తెగలేదు. అందుకే ప్రశ్నను కాస్త బిగించి పెడుతున్నాను. హెదర్, మైక్, జోష్ అనే ముగ్గురు సినిమా విద్యార్థులు అమెరికాలో మేరీలాండ్‌లోని బర్కిట్స్‌విల్ దగ్గర అడవిలోకి ఒక మంత్రగత్తె మీద డాక్యుమెంటరీ తీయడానికి వెళ్లి మాయమవుతారు. ఏడాది తర్వాత దొరికిన వాళ్ల ఫుటేజీయే మనం చూసే సినిమా. 81 నిమిషాల్లో మంత్రగత్తె ఒక్క ఫ్రేములోనూ కనబడదు. 1999లో విమర్శకులు మెచ్చుకున్నారు. హాల్లోంచి బయటికొచ్చిన ప్రేక్షకులను అడిగి గ్రేడు వేసే సినిమాస్కోర్‌లో మాత్రం వచ్చింది ‘సి ప్లస్’. హెదర్‌గా చేసిన హెదర్ డోనహ్యూకు చెత్త నటి అంటూ ‘రాజీ’ అనే వెక్కిరింపు అవార్డు ఇచ్చారు. అదే సినిమాకు, 5 లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తీసిన తొలి చిత్రాల విభాగంలో ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డు ఇచ్చారు.

ప్రచారాన్ని పక్కన పెట్టేస్తే, ఈరోజు మొదటిసారి చూసేవాడిని భయపెట్టే పనితనం ఇందులో ఉందా? ‘సూపర్’, ‘బోర్’ అని వదిలేయకుండా ఏ సీను, ఎందుకు అన్నది చెప్పండి. ముగింపు గురించి దాపరికం లేకుండా మాట్లాడుకుందాం, చూడనివాళ్లు చూసొచ్చి చదవండి.

నిక్కచ్చి:
ప్రచారాన్ని పక్కన పెడితే మిగిలేదేముంది? విడుదలకు చాలా ముందే వెబ్‌సైటులో పోలీసు ఫొటోలు, డైరీ పేజీలు. 1999 జులైలో సై-ఫై ఛానెల్‌లో ఉత్తుత్తి డాక్యుమెంటరీ. నటులకు సొంత పేర్లే పాత్రల పేర్లు. ‘కనబడుటలేదు’ పోస్టర్లు. సినిమా వివరాల వెబ్‌సైటు ఐఎమ్‌డీబీలో నటుల పేజీల మీద చనిపోయి ఉండవచ్చని రాత. జనం హాల్లోకి అడుగుపెట్టేసరికే సగం భయపడి ఉన్నారు. ఆ సగాన్ని సినిమా ఖాతాలో ఎలా వేస్తాం?

ఇక సినిమాలో: రాత్రి చప్పుడు, పొద్దున రాళ్ల కుప్పలు. రాత్రి చప్పుడు, పొద్దున పుల్లల బొమ్మలు. మధ్యలో ముగ్గురూ తిట్టుకోవడం. భయం మెట్టుమెట్టుగా ఎక్కాలి కదా, ఇక్కడ ఒకే మెట్టు మీద దూకుతూ ఉంటారు. మ్యాపు పోయిన దగ్గర నుంచి డేరా ఊగిపోయే దాకా ఉన్న భాగంలో పదిహేను నిమిషాలు తీసేసినా కథకు చిల్లు పడదు.

మైకుబాబు:
నిక్కచ్చి గారూ, మీరు కళ్లతో చూసి లెక్క కడుతున్నారు. ఈ సినిమా పనంతా చెవిలో జరుగుతుంది. ముగింపునే తీసుకోండి.

పాడుబడ్డ ఇంట్లోకి వెళ్లేటప్పుడు మైక్ చేతిలో హై-8 వీడియో కెమెరా, హెదర్ చేతిలో 16 ఎంఎం ఫిల్మ్ కెమెరా. వీడియో కెమెరాకు సొంత మైక్రోఫోన్ ఉంది. 16 ఎంఎం ఫిల్మ్‌కు శబ్దాన్ని విడిగా డ్యాట్ అనే డిజిటల్ టేపు రికార్డరులో పట్టాలి, ఆ సమయంలో అది వాళ్ల దగ్గర లేదు. కాబట్టి ఆ ఇంట్లో మనకు వినబడే ప్రతి శబ్దమూ మైక్ కెమెరాలోంచే రావాలి. మైక్ నేలమాళిగలోకి పరుగెత్తుతాడు, దెబ్బ పడుతుంది, కెమెరా నేలకొరుగుతుంది. అక్కడి నుంచి బొమ్మ హెదర్‌ది, నలుపు-తెలుపు. శబ్దం మాత్రం కింద పడి ఉన్న వీడియో కెమెరాది. అందుకే ఆమె కళ్లతో మెట్లు చూస్తూ ఆమె అరుపును దూరం నుంచి వింటాం. ఆమె దిగేకొద్దీ గొంతు దగ్గరవుతుంది. అంటే మన చెవులు అప్పటికే నేలమాళిగలో, ఆ ‘ఎవరో’ పక్కనే ఉన్నాయి. ఈ లెక్క తెలియనివాడికి కూడా ఏదో తేడాగా ఉందని ఒంటికి తెలుస్తుంది. దీనికి ప్రచారంతో సంబంధం ఏమిటి?

ఇంకొకటి. ఇలాంటి హ్యాండీక్యామ్‌లలో శబ్దం స్థాయిని కెమెరాయే సర్దుకుంటుంది. గట్టిగా అరిస్తే గెయిన్ (శబ్దాన్ని పెంచి పట్టే స్థాయి) టక్కున దిగుతుంది, వెనక అడవి మాయమవుతుంది. అరుపు ఆగాక గెయిన్ మెల్లగా పైకి లేస్తుంది, దాంతో టేపు బుస, దూరపు చప్పుళ్లు పైకి తేలతాయి. నిశ్శబ్దం తనంతట తాను పెద్దదవుతున్నట్టు ఉంటుంది. ఖరీదైన మైకులతో తీసి, ఈ గుణాన్ని స్టూడియోలో కలిపే సినిమాల్లో అది దొరకడం కష్టం.

కత్తెర:
మైకుబాబు గారి ముగింపు వాదనకు నా ఓటు. మధ్య భాగం విషయంలో మాత్రం నిక్కచ్చి గారి వైపే, కాకపోతే కారణం వేరు. అది బద్ధకం కాదు, తీసిన పద్ధతి నుంచి వచ్చిన లోపం.

దర్శకులు డేనియల్ మిరిక్, ఎడ్వర్డో శాంచెజ్ 1997 అక్టోబరులో ఎనిమిది రోజుల్లో చిత్రీకరించారు. కెమెరాలు నటుల చేతికే ఇచ్చారు. ఎక్కడికి నడవాలో జీపీఎస్ చెబుతుంది. అక్కడ ఫిల్మ్ డబ్బాల్లో ఎవరి చీటీ వాళ్లకు ఉంటుంది, పక్కవాడి చీటీలో ఏముందో తెలియదు. సంభాషణలు అప్పటికప్పుడు వాళ్లే పుట్టించుకోవాలి. రోజురోజుకూ తిండి తగ్గించారు, రాత్రుళ్లు దర్శకుల బృందమే చుట్టూ తిరిగి పుల్లలు విరిచింది, పిల్లల గొంతుల టేపు వేసి డేరాను కుదిపింది. దీనివల్ల వచ్చే మేలు: భయపడినప్పుడు శ్వాస, మాట తడబడడం, ఒకరి మాట మీద ఒకరు పడడం రాసి చేయించినట్టు ఉండవు. వచ్చే చేటు: రాసిపెట్టిన సంభాషణ లేనప్పుడు అలసిన మనుషులు ఒకే గొడవను మళ్లీ మళ్లీ పడతారు. ‘నువ్వే తప్పించావు’, ‘కాదు నువ్వే’. సుమారు ఇరవై గంటల ఫుటేజీలోంచి 81 నిమిషాలు ఏరేటప్పుడు ఎడిటింగ్ బల్ల మీద కొత్త గొడవ పుట్టించలేరు, ఉన్నవాటిలో మంచిది ఎంచుకోగలరు, అంతే. ఇదే దారిలో తీసిన చాలా సినిమాలు మధ్యలో జావగారిపోయేది ఇక్కడే. మందు కూడా తెలిసిందే: మాటలు నటులకే వదిలేసినా, ప్రతి రాత్రికీ ఒక కొత్త సమాచారం రాసి పెట్టుకోవాలి. జోష్ మాయమయ్యాక వచ్చే పుల్లల మూట, దాన్ని విప్పితే లోపల కనబడే నెత్తుటి ముక్కలు అలాంటివే. అది కనీసం ఒక రాత్రి ముందు రావాల్సింది.

రెండో ఆట:
మ్యాపు పోతే వాగు పట్టుకుని దిగువకు నడవాలన్నది అడవి తిరిగేవాళ్లకు మొదటి పాఠం. చేతిలో దిక్సూచి కూడా ఉంది. ఆ మాత్రం తెలియనివాళ్లు చస్తే నాకు జాలేగానీ భయం రాదు.

తెరచాటు:
రెండో ఆట గారూ, మీరు చెప్పిన దిక్సూచితోనే వాళ్లు ఒక రోజంతా దక్షిణానికి నడుస్తారు. సాయంత్రానికి పొద్దున దాటిన దుంగ దగ్గరకే వచ్చి చేరతారు. సినిమా మొత్తంలో ‘ఇది మనుషుల పని కాదు’ అని గట్టిగా చెప్పే సీను అదే. దాన్ని తెలివితక్కువతనం కింద కొట్టేస్తే సినిమా అక్కడే చేజారిపోతుంది. మ్యాపును వాగులోకి తన్నేశానని మైక్ ఒప్పుకోవడం మాత్రం నిజంగా చిరాకు పుట్టిస్తుంది, కాదనను.

రెండో ఆట:
సరే, దుంగ మాట ఒప్పుకుంటా. మరి వాగు దిగువకు ఒక్కసారైనా ప్రయత్నించి, అదీ తిరిగి అక్కడికే చేర్చిందని చూపించి ఉంటే నాబోటివాళ్ల నోరు మూసుకునేది కదా. రెండు నిమిషాల సీను. పైసా ఖర్చు లేదు.

చిమ్మచీకటి:
ఎవరూ ఎత్తని మాట ఒకటి. ఈ సినిమాను తిట్టినవాళ్లలో కొందరు భయపడక తిట్టలేదు, కడుపులో తిప్పి తిట్టారు. కళ్లు ‘కదులుతున్నాం’ అంటాయి, లోపలి చెవి ‘కదలడం లేదు’ అంటుంది. రెండింటికీ పొత్తు కుదరక వికారం. తెర చూపులో ఎంత వెడల్పు ఆక్రమిస్తే అంత ఎక్కువ. ముందు వరసల్లో కూర్చున్నవాళ్లకు అందుకే పడలేదు.

ఇంట్లో చూసేటప్పుడు: తెర వెడల్పుకు మూడు రెట్ల దూరంలో కూర్చోండి. టీవీ వెనక చిన్న దీపం వెలగనివ్వండి, కదలని గోడ అంచు కంటికి ఆధారం అవుతుంది. చీకటి సీన్ల కోసం బ్రైట్‌నెస్ పెంచకండి, పెంచితే నలుపు బూడిదరంగు అయి వీడియో గరుకు తప్ప ఏమీ మిగలదు. మోషన్ స్మూతింగ్ (కదలికలను నున్నగా చేసే టీవీ సెట్టింగు) ఆపండి. అన్నిటికంటే ముఖ్యం, ఇది 4:3 బొమ్మ (వెడల్పు నాలుగు పాళ్లు, ఎత్తు మూడు), మన టీవీలు 16:9. పక్కల నల్ల పట్టీలు చూడలేక 16:9కి సాగదీస్తే అడ్డంగా వచ్చే ప్రతి ఊపూ మూడో వంతు పెరుగుతుంది. జూమ్ చేస్తే పైనా కిందా కలిపి పాతిక శాతం బొమ్మ పోతుంది. హెదర్ ఏడుస్తూ క్షమాపణ చెప్పే షాట్‌లో ముఖం ఇప్పటికే అంచుకు తోసుకుపోయి ఉంది, దాన్ని ఇంకా కోస్తే మిగిలేది ముక్కే.

చీకటి గురించి కూడా. కెమెరా మీది లైటు కాంతి దూరం రెట్టింపైతే నాలుగో వంతుకు పడిపోతుంది. మూడు మీటర్ల దగ్గర ఆకు తెల్లగా మెరిస్తే, ఆరు మీటర్ల దగ్గర మసక, పన్నెండు దగ్గర పదహారో వంతు, అంటే ఆ కెమెరాకు గోడ కట్టినంత నలుపు. దర్శకులు దాచడం లేదు, ఆ లైటుకు కనబడేది అంతే. డబ్బున్న సినిమాలు చెట్ల వెనక నీలం లైటు పెట్టి అడవి లోతు చూపిస్తాయి, దాంతో భయం సగం చస్తుంది.

నిక్కచ్చి:
లైటు లెక్క బాగుంది. అయినా లోపానికి భౌతికశాస్త్రం చెబితే అది గుణమైపోదు. డేరాలోంచి పరుగెత్తేటప్పుడు ‘అదేంటి’ అని హెదర్ అరుస్తుంది. అక్కడ తెల్లబట్టల మనిషిని నిలబెట్టారు, కెమెరా అటు తిరగలేదు. అదృష్టం కొద్దీ తప్పిపోయిన షాట్‌ను ‘చూపించని కళ’ అని పొగడడం నాకు మింగుడుపడదు.

‘తక్కువ ఖర్చు’ మాట కూడా జాగ్రత్తగా వాడండి. అడవిలో అయింది కొన్ని పదుల వేల డాలర్లే. ఆర్టిజన్ సంస్థ సుమారు 11 లక్షల డాలర్లకు కొన్నాక సౌండు మళ్లీ మిక్స్ చేసి, ఫిల్ముకెక్కించి, దేశమంతా ప్రచారం చేసి వదిలింది. మనం మెచ్చుకునే ఆ చెవిపనిలో ఆ డబ్బు కూడా ఉంది. లోకమంతా కలిపి 24 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. కెమెరా పట్టి, మాటలు పుట్టించి, సొంత పేర్లు అప్పిచ్చిన ముగ్గురు నటులు 2024లో కూడా తమ వాటా అడుగుతూ బహిరంగ లేఖ రాయాల్సి వచ్చింది. ‘పద్ధతి’ని పొగిడేటప్పుడు ఇది కూడా పద్ధతిలో భాగమే.

కత్తెర:
నటుల మాట నూటికి నూరుపాళ్లూ నిజం. తెల్లబట్టల మాట కాదు. షాట్ తప్పిపోవడం అదృష్టం. మళ్లీ తీయకుండా, తప్పిపోయిన ముక్కనే ఉంచుకోవడం నిర్ణయం. ముగింపులోనూ అదే జరిగింది. మూలలో గోడ వైపు నిలబడ్డ మైక్ ఎవరికీ అర్థం కావడం లేదని ఆర్టిజన్ వేరే ముగింపులు తీయించింది, ఒకదానిలో ఉరి కూడా ఉంది. దర్శకులు పాతదానికే కట్టుబడి, దానికి బదులు మొదటి భాగంలో ఊరివాడి ఇంటర్వ్యూ ఒకటి చేర్చారు: కథలోని పాత హంతకుడు రస్టిన్ పార్ పిల్లలను ఇద్దరిద్దరిగా నేలమాళిగలోకి తీసుకెళ్లి, ఒకరిని చంపేటప్పుడు రెండోవారిని మూలకు తిప్పి నిలబెట్టేవాడని. ఆ ఒక్క ముక్క విననివాడికి ముగింపు తెగిపోయిన టేపు.

నిక్కచ్చి:
అదే నేననేది. గంట తర్వాత అవసరమయ్యే మాటను, నవ్వులాటగా సాగే ఇంటర్వ్యూల గుంపులో ఒక్కసారి అనిపించి వదిలేశారు. సబ్‌టైటిళ్లు లేకుండా ఎంతమందికి అందుతుంది?

మైకుబాబు:
ఇంటర్వ్యూల దాకా సబ్‌టైటిళ్లు పెట్టుకోండి, తప్పులేదు. ఇల్లు కనబడగానే ఆపేయండి. ‘హెదర్ అరుపు’ అన్న అక్షరాలు ఆమె పై అంతస్తులో ఉన్నా, కెమెరా పక్కనే ఉన్నా ఒకే సైజులో పడతాయి. దూరం చచ్చిపోతుంది. ఫోను స్పీకరులో చూసినా అదే గతి, మామూలు ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నా చాలు.

నిక్కచ్చి:
అంటే మొదట సబ్‌టైటిళ్లు వేసి, తర్వాత తీసేసి, ఇయర్‌ఫోన్లు తగిలించి, మూడు రెట్ల దూరంలో దీపం పెట్టుకుని చూడాలి. వైర్‌లెస్‌వి పెట్టుకోవచ్చా, వైరు ఉన్నవే కావాలా?

మైకుబాబు:
వైరు ఉన్నవి. వైర్‌లెస్‌లో నాయిస్ క్యాన్సలింగ్ ఆపడం మర్చిపోతారు. అయినా మీరు చూడరు.