లారీ డ్రైవరు జీతం, హాల్టింగ్ బత్తా, నిద్ర లేని డ్యూటీ: ఓనరును ఏమని అడగాలి?

ప్రశ్న (నందిగామ దగ్గర ఊరు)

అందరికీ నమస్తే. మా ఆయన పద్నాలుగు టైర్ల లారీ నడుపుతారు. ఓనరుకు మొత్తం పన్నెండు బండ్లు. గుంటూరులో మిర్చి వేసుకుని నాగపూర్, అక్కడి నుంచి రాయపూర్ వెళ్ళి ఐరన్ వేసుకుని హైదరాబాద్ రావడం, ఎక్కువగా ఇదే లైను. జీతం నెలకు 18 వేలు, బండి నడిచిన రోజుకు 400 బత్తా. క్లీనరు లేడు, ఒక్కరే.

పోయిన ట్రిప్పులో రాయపూర్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గర రెండు రోజులు లైన్లో ఉంచారు. బండి నడవలేదు కాబట్టి ఆ రెండు రోజులకు బత్తా లేదట. తిండి, స్నానం, మంచినీళ్ళు అన్నీ జేబులోంచే. లోడు అయ్యాక రాత్రి పదింటికి బయటికి పంపి, రేపు రాత్రికల్లా హైదరాబాద్‌లో ఉండాలి, లేకపోతే సరుకు వెంట ఉండాల్సిన జీఎస్టీ వే బిల్లు గడువు అయిపోతుందని గంటకోసారి ఫోన్లు. దాదాపు 800 కిలోమీటర్లు అది. ఆదిలాబాద్ దాటాక కన్ను మూతపడి బండి రోడ్డు దిగిందట. దేవుడి దయ వల్ల ఏమీ కాలేదు. ఇంటికి వచ్చాక చూస్తే కాటాలో తరుగు వచ్చిందని జీతంలో 3,500 కోశారు.

అసలు డ్రైవరుకు ఇన్ని గంటలే డ్యూటీ అని చట్టం ఏమైనా ఉందా? నిలబడ్డ రోజులకు బత్తా అడగవచ్చా? ఈ కోత సరైనదేనా? మానేయమని మాత్రం చెప్పకండి, ఇద్దరు పిల్లల ఫీజులు ఉన్నాయి. ఓనరు చెడ్డవాడని కూడా నేను అనను, అవసరానికి అడ్వాన్సు ఇస్తాడు. కానీ ఫోన్ మోగినప్పుడల్లా నాకు టెన్షన్‌గా ఉంటోంది.

జవాబు (హెవీ డ్రైవరు, ఇరవై ఏళ్ళకు పైగా నేషనల్ పర్మిట్ బండ్ల మీద)

చెల్లెమ్మా, నువ్వు రాసినదాంట్లో అసలు సంగతి ఆ రెండు రోజుల లైను. అందరూ జీతం తక్కువ, గంటలు ఎక్కువ అని రెండు వేర్వేరు బాధల్లా చెబుతారు, నా దృష్టిలో రెండూ ఒకటే. గేటు దగ్గర పోయిన టైముకు ఎవరూ డబ్బు ఇవ్వరు, ఆ పోయిన టైమును మాత్రం రాత్రి స్టీరింగ్ మీద పూడ్చమంటారు. లైన్లో రెండు రోజులు ఖాళీగానే ఉన్నాడు, నిద్రపోయి ఉంటాడు కదా అంటారు. ఏం నిద్ర? బండి పది అడుగులు ముందుకు జరపాలి, జరపకపోతే వెనకవాడు దూరిపోతాడు, పైగా ఎండ, దోమలు, డీజిల్ దొంగల భయం. అది విశ్రాంతి కానే కాదు.

2018 దాకా నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండాలని రూల్ ఉండేది. చాలామంది కాగితం మీదే చూపించేవాళ్ళు, అయినా అడగడానికి ఒక ఆధారం ఉండేది. అదీ తీసేశారు. ఇప్పుడు క్లీనరు కూడా లేని బండిలో మనిషికి కన్ను మూతపడితే లేపేవాడు లేడు.

మీరు వెంటనే చేయాల్సిన పని ఒకటుంది. ప్రతి ట్రిప్పుకీ టైములు రాయండి. ఆయనకు రాసే ఓపిక ఉండదు, నాకు తెలుసు. గేటు చేరినప్పుడు, లోపలికి పిలిచినప్పుడు, లోడింగ్ మొదలైనప్పుడు, లోడు మీద టార్పాలిన్ పట్టా కట్టి బయల్దేరినప్పుడు నీ వాట్సాప్‌కు ఒక వాయిస్ మెసేజ్, లొకేషన్ పెట్టమను. టైము దానంతట అదే పడుతుంది. నువ్వు ఇంట్లో నోటు పుస్తకంలో ఎక్కించు. నెల తిరిగేసరికి ఓనరు ముందు పెట్టడానికి ఒక లెక్క ఉంటుంది. లెక్క లేకుండా కష్టం చెప్పుకుంటే ఎవరూ వినరమ్మా.

నిద్ర సంగతి కూడా చెబుతాను. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య ఎంత టీ తాగినా, ముఖం కడుక్కున్నా ఒళ్ళు మాట వినదు. ఆ మూడు గంటలు బండి పక్కన పెట్టేయమని చెప్పు, ఓనరు అరిచినా సరే. హైవే మీద కొన్ని పెట్రోల్ బంకుల్లో డ్రైవర్ల కోసం అప్నా ఘర్ అని పడక గదులు, స్నానాల గదులు కట్టారు, దానికి యాప్ ఉంది, నాగపూర్ లైన్లో ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే చూసి పెట్టుకోండి.

జవాబు (కార్మిక కేసులు చూసే వకీలు, విజయవాడ)

చట్టం ఉందమ్మా. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని చెప్పింది. దూర ప్రయాణాలకు అనుమతి తీసుకుంటే 10 గంటలు, వారానికి 54 గంటల వరకు పోవచ్చని, ఐదు గంటలు నడిపాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని, గంటలు మించితే రెట్టింపు జీతం ఇవ్వాలని ఉండేది. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి, ఈ చట్టం అందులో కలిసిపోయింది. 8 గంటలు, రెట్టింపు ఓవర్‌టైమ్ అనేవి అలాగే ఉన్నాయి. పని గంటల కోడ్ పదిమంది, అంతకంటే ఎక్కువ కార్మికులున్న సంస్థలకు వర్తిస్తుంది. మీ ఓనరుకు పన్నెండు బండ్లు కాబట్టి అందులోకి వస్తాడు. నియామక పత్రం కూడా ఇవ్వాలి, అది అడగండి. ఈఎస్ఐకి (కార్మికుల వైద్య బీమాకు) కూడా పదిమంది లెక్కే, జీతం 21 వేల లోపు ఉండాలి, కాబట్టి అది కట్టాల్సిందే.

ఇక పైన అన్నగారు చెప్పిన లైను విషయంలో ఒక మెలిక ఉంది. డ్రైవరు పని గంటల్లో బండి నడిపిన టైము వస్తుంది, లోడింగ్, అన్‌లోడింగ్, బండి రిపేరు, కాగితాల పని వస్తాయి. కానీ ఊరికే వేచి ఉన్న టైము పావుగంట లోపు అయితేనే కలుపుతారు. అంటే గేటు బయట రెండు రోజులు లైన్లో ఉన్నదానికి చట్టం చూపించి ఓవర్‌టైమ్ అడగడం కష్టం. ఇది అన్యాయమని నా అభిప్రాయం. బస్సు డ్రైవరు డిపోలో కూర్చునే టైమును దృష్టిలో పెట్టుకుని రాసిన మాట, గేటు ముందు పడిగాపులు పడే లారీ డ్రైవరుకు అతకదు. అందుకే హాల్టింగ్ బత్తా గురించి ఓనరుతో ముందే మాట్లాడుకుని మెసేజ్ రూపంలో పెట్టుకోవడం తప్ప దారి లేదు. లోడింగ్ మొదలైన టైము, లైన్లో ఉన్న టైము విడివిడిగా రాయండి, రెండిటికీ విలువ వేరు.

18 వేలను 26 రోజులకు, రోజుకు 8 గంటలకు పంచితే గంటకు 86 రూపాయలు చిల్లర. ఓవర్‌టైమ్ గంటకు దాదాపు 173. బత్తాను ఇందులో కలపనివ్వకండి, బత్తా దారిఖర్చు, జీతం కాదు.

కోత గురించి. చేతికి అప్పగించిన సరుకు పోతే జీతంలో కోయవచ్చు, అయితే ఆ నష్టం నేరుగా డ్రైవరు నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, కోసే ముందు ఆయన మాట వినాలి. ఎవరినీ అడగకుండా 3,500 తీసేయడం చెల్లదు. ఇది వేతనాల కోడ్‌లో ఉంది, దీనికి ఎంతమంది పనివాళ్ళు అనే పట్టింపు లేదు, ఒక్క బండి ఓనరు అయినా పాటించాలి. నెల జీతం తర్వాతి నెల 7వ తేదీలోపు ఇవ్వాలన్నదీ అంతే.

జవాబు (మూడు బండ్ల ఓనరు, సూర్యాపేట)

అమ్మా, నేను ఓనరునే, అయినా మీ వైపు నుంచే చెబుతాను. వే బిల్లు అయిపోతుందని తరమడం తప్పు. మామూలు సరుకుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు ఉంటుంది, 2021 జనవరి నుంచి అదే లెక్క. 800 కిలోమీటర్లకు నాలుగు రోజులు. ఒకవేళ అయిపోయినా గడువుకు 8 గంటల ముందు నుంచి, దాటాక 8 గంటల వరకు పొడిగించుకోవచ్చు. ఆ తొందర వే బిల్లుది కాదు, తర్వాతి లోడు ఎక్కడ పోతుందోనని. ఫైనాన్సు కిస్తీ, టోలు, డీజిల్ పోను మాకు మిగిలేది కూడా ట్రిప్పుల మీదే. అది నిజం. కానీ దానికి డ్రైవరు ప్రాణం పణంగా పెట్టకూడదు.

హాల్టింగ్ గురించి మీకు పనికొచ్చే మాట చెబుతాను. చాలా పార్టీలతో, అంటే లోడు ఇచ్చేవాళ్ళతో, మేం మాట్లాడుకునేటప్పుడే, రిపోర్ట్ చేశాక ఒక రోజు దాటితే రోజుకింత హాల్టింగ్ అని ఉంటుంది. చాలాసార్లు అది రాదు, ఎందుకంటే బండి ఎప్పుడు రిపోర్ట్ చేసిందో రుజువు ఉండదు. గేటు దగ్గర సెక్యూరిటీ చేత ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ మీద గానీ గేట్ పాస్ మీద గానీ తేదీ, టైము, స్టాంపు వేయించుకుని ఫోటో పంపిస్తే నాకు పార్టీ దగ్గర డబ్బు వస్తుంది. మా డ్రైవర్లకు అందులో సగం ఇస్తాను, అందుకే వాళ్ళు స్టాంపు మర్చిపోరు. మీ ఓనరుతో కూడా ఇలాగే మాట్లాడండి. నా బత్తా ఇవ్వండి అంటే బేరంలా ఉంటుంది, మీకు హాల్టింగ్ వచ్చేలా చూస్తాను, నాకు ఇంత ఇవ్వండి అంటే ఆయనా ఆలోచిస్తాడు.

తరుగు గురించి ఒకటి చూడండి. హైదరాబాద్‌లో లోడు దించాక ఖాళీ బండిని మళ్ళీ కాటా పెట్టారా, లేక రాయపూర్‌లో తీసిన ఖాళీ బరువునే వాడి లెక్క కట్టారా? రెండోది అయితే దారిలో కాలిన డీజిల్ కూడా తరుగులో పడిపోతుంది. 200 లీటర్ల డీజిల్ అంటే సుమారు 165 కిలోలు. మధ్యలో ట్యాంకు కొంత నింపినా తేడా ఉంటుంది. రెండు చోట్లా ఖాళీ కాటా స్లిప్పు, లోడు కాటా స్లిప్పు ఫోటోలు తీసి పెట్టుకోమనండి.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్స్ అండీ. స్లిప్పు చూశాం, సూర్యాపేట ఓనరు గారు చెప్పిందే జరిగింది, హైదరాబాద్‌లో ఖాళీ కాటా పెట్టలేదు. ఇది అడగడానికి ధైర్యం వచ్చింది. కానీ గట్టిగా అడిగితే వేరే డ్రైవరును పెట్టుకుంటాడేమో అని మా ఆయన భయం. తెలిసినవాళ్ళు గల్ఫ్‌కు హెవీ డ్రైవరు వీసా ఉంది రమ్మంటున్నారు, అదీ ఆలోచిస్తున్నాం.

జవాబు (హెవీ డ్రైవరు)

చెల్లెమ్మా, ఇప్పుడు నిలకడగా పనిచేసే హెవీ డ్రైవరు దొరకడం చాలా కష్టం. కుర్రాళ్ళు ఈ పనిలోకి రావడం లేదు, ఏ ఓనరునైనా అడుగు, డ్రైవరు లేక షెడ్డులో నిలబడ్డ బండ్ల గురించి చెబుతాడు. తాగకుండా, డీజిల్ అమ్ముకోకుండా బండి నడిపే మనిషిని అంత తేలిగ్గా వదులుకోరు. 2024 జనవరిలో హిట్ అండ్ రన్ శిక్ష మీద లారీలు ఆగినప్పుడు హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు క్యూలు చూశాం కదా, మన పని విలువ ఆ రోజు అందరికీ తెలిసింది. పని గంటల మీద, జీతం మీద మాత్రం ఎవరూ అలా నిలబడలేదు, నాకు ఇప్పటికీ అదే బాధ.

ఇప్పుడు 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే పెద్ద లారీలన్నిటికీ ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మంచిదే, మే నెలలో రామగుండం వైపు నడిపినవాళ్ళకు తెలుసు ఆ వేడి ఎలా ఉంటుందో. కానీ ఏసీ ఉంది కదా అని ఇంకో నాలుగు గంటలు నడపమంటే ఒప్పుకోవద్దు.

గల్ఫ్ అయితే ఏజెంటు పేరు విదేశీ పనుల కోసం ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయి ఉందో లేదో చూడకుండా ఒక్క రూపాయి ఇవ్వకండి. జీతం, డ్యూటీ గంటలు రాసి ఉన్న ఒప్పందం ఇక్కడే చేతికి రావాలి. విజిట్ వీసా మీద రమ్మంటే అక్కడితో ఆపేయండి.

జవాబు (వకీలు)

గొడవ పెట్టుకోనక్కర్లేదు. ముందు మర్యాదగా ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టించండి, "అన్నా, ఫలానా తేదీ ట్రిప్పులో తరుగని 3,500 పట్టుకున్నారు, ఖాళీ కాటా పెట్టలేదు, స్లిప్పు పంపుతున్నాను, ఒకసారి చూసి సర్దండి" అని. అందులో కోపం ఉండకూడదు, తేదీ, మొత్తం ఉండాలి. తర్వాత ఎప్పుడైనా అవసరం పడితే అదే రుజువు. బకాయిల మీద క్లెయిము వేయడానికి మూడేళ్ళ గడువు ఉంది, కాబట్టి ఈ రోజే ఆఫీసుకు పరుగెత్తాల్సిన పని లేదు, లెక్క రాస్తూ ఉండండి. మాట వినకపోతే మీ ప్రాంతం అసిస్టెంట్ లేబర్ ఆఫీసరుకు అర్జీ ఇవ్వండి. వకీలు ఖర్చు భయం ఉంటే 15100కు ఫోన్ చేయండి, న్యాయ సేవల సంస్థ వాళ్ళు ఉచితంగా సాయం చేస్తారు.

జవాబు (ఇన్సూరెన్సు పని చేసేవారు, ఖమ్మం)

అక్కా, ఎవరూ చెప్పలేదు కాబట్టి చెబుతున్నాను. బండి ఇన్సూరెన్సు ఉంది అంటే డ్రైవరుకు కూడా ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. పాలసీలో కనిపించే 15 లక్షల ప్రమాద బీమా ఓనరుకు, అది కూడా ఆయన స్వయంగా నడిపితే. జీతం మీద పనిచేసే డ్రైవరుకు విడిగా చిన్న ప్రీమియం కట్టాలి, ఏడాదికి మనిషికి 50 రూపాయలే. పాలసీలో ప్రీమియం వివరాలున్న పేజీలో "లీగల్ లయబిలిటీ టు పెయిడ్ డ్రైవర్" అనే లైను వెతకండి, దాని ఎదురుగా ఎంతమందికి కట్టారో ఉంటుంది. ఆ లైను ఉంటే ప్రమాదంలో డ్రైవరుకు చట్టప్రకారం రావాల్సిన పరిహారం ఇన్సూరెన్సు కంపెనీ భరిస్తుంది. లేకపోతే ఓనరు సొంతంగా ఇవ్వాలి, పన్నెండు బండ్ల ఓనరుకైనా అది పెద్ద భారమే, కోర్టుల చుట్టూ ఏళ్ళు పడుతుంది.

ఇది కాక మీ ఆయన బ్యాంకు ఖాతాలో ప్రధానమంత్రి సురక్షా బీమా పెట్టించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. మే నెలాఖరులో డబ్బు కట్ అవుతుంది, అప్పటికి ఖాతాలో బ్యాలెన్సు ఉండాలి. నామినీగా మీ పేరే ఉందో లేదో చూసుకోండి, పెళ్ళికి ముందు తీసిన ఖాతా అయితే అత్తగారి పేరో, మామగారి పేరో ఉండిపోతుంది.

మళ్ళీ ప్రశ్న అడిగినవారు

పాలసీ ఫోటో ఓనరును అడిగి తెప్పించాం. మూడో పేజీలో ఆ లైను ఉంది, ఎదురుగా 50 ఉంది, అంటే ఒక్కరికి కట్టినట్టేనా? ఖాతాలో నామినీ మా అత్తగారే ఉన్నారు. 3,500 మెసేజ్ ఇవాళ పెట్టాం. ఫోన్ చేసి స్లిప్పులు చూస్తానన్నాడు, ఇంకా ఏమీ ఇవ్వలేదు. హాల్టింగ్ స్టాంపు మాటకు మాత్రం వెంటనే సరేనన్నాడు, రోజుకు బత్తా మొత్తం ఇస్తానన్నాడు.

జవాబు (ఇన్సూరెన్సు పని చేసేవారు, ఖమ్మం)

అవునక్కా, ఒక్కరికే. రేపు క్లీనరునో రెండో డ్రైవరునో ఎక్కిస్తే అతనికి విడిగా కట్టించాలి, ఈ మాట ఓనరు చెవిలో ఇప్పుడే వేయండి. నామినీ మార్పుకు బ్యాంకుకు ఆయనే వెళ్ళి సంతకం పెట్టాలి, ఈసారి ఇంటికి వచ్చినప్పుడు ఆధార్ తీసుకుని ఇద్దరూ కలిసి వెళ్ళండి. హాల్టింగ్ బత్తా ఇస్తానన్న మాటను ఫోన్లో వదిలేయకుండా "మీరు చెప్పినట్టు రోజుకు 400 కదా అన్నా" అని ఆయనకు ఇవాళే మెసేజ్ పెట్టించండి.