మా నాయిన మంచితనం మురికిగుడ్డేనా? దేవుని మంచితనం, మనిషి మంచితనం ఒకటా, వేరా?

దేవరకొండ తమ్ముడు:

అందరికీ వందనాలు. పోస్టు కొంచెం పెద్దది, ఓపికతో చదవండి.

మాది దేవరకొండ దగ్గర పల్లె. అమ్మ, నేను, చెల్లె బాప్తిస్మం తీసుకున్నాం. నాయిన తీసుకోలేదు. మాకు ఏనాడూ అడ్డం చెప్పలేదు, ఆదివారం మమ్మల్ని బండి మీద మందిరం దగ్గర దింపి, బయట వేపచెట్టు కింద బీడీ తాగుతూ కూర్చునేవాడు, అంతే. పోయిన నెల చనిపోయాడు. గుండెపోటు, పొలం దగ్గరే.

ఆయన ఎలాంటి మనిషో ఒక్క ముచ్చట చెప్తా. 2015-16 కరువులో మా ఊర్లో బోర్లు వరుసబెట్టి ఎండిపోయాయి, మా ఇంటి వెనక చెలకలోది ఒక్కటే పోసింది, అదీ రెండించులు నిండా రాదు. నాయిన ఆ యేడు మడి ఎండబెట్టి, పైపు తెచ్చి గోడ అవతల వాడలోకి వేశాడు. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు, రాత్రి రెండింటికైనా సరే లేచి స్టార్టర్ వేసేవాడు. జాయింటు దగ్గర నీళ్లు కారుతుంటే పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి పైన సుతిలి తాడు బిగించాడు, ఆ ముక్క ఇప్పటికీ అట్లనే ఉంది. మోటారు ఖర్చుకైనా బిందెకు రూపాయి తీసుకొమ్మని ఊరోళ్లే చెప్పారు. "భూమిలో నీళ్లకు నేనెట్ల పైసలు అడుగుత" అన్నాడు.

దినాల నాడు మా సంఘ పెద్ద ఒకాయన వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి, "ఎన్ని మంచి పనులు చేసినా ఏం లాభం తమ్ముడూ, ప్రభువు ముందు మన నీతి మురికిగుడ్డే" అన్నాడు. పక్కనే అమ్మ ఇస్తరాకులు తీస్తోంది. విన్నది. అప్పటి నుంచి నాకు నిద్ర సరిగా లేదు.

నేను అడిగేది ఆయన రక్షణ గురించి, అంటే పరలోకం దొరుకుతదా లేదా అని కాదు, అది దేవునికి వదిలేశా. ప్రతి ఆదివారం పాస్టర్ గారు "దేవుడు మంచివాడు" అంటే మేమంతా "ఎల్లప్పుడూ" అని అరుస్తాం. మనిషి చేసే మంచి అసలు మంచే కాదంటే, దేవుణ్ని మంచివాడు అన్నప్పుడు ఆ మాటకు అర్థం ఏముంటది? మంచితనం అంటే ఏంటో నేను ముందు చూసింది మా నాయిన దగ్గరే కదా.

కృపలో పాపి:

ప్రైజ్ ద లార్డ్ బ్రదర్. మీ దుఃఖంలో దేవుడు ఆదరించును గాక. ఆ పెద్దాయన చెప్పిన సమయం తప్పు, అది ఒప్పుకుంటా. కానీ మాట వాక్యంలో, అంటే బైబిల్లో ఉన్నదే, యెషయా 64:6. రోమా 3లో కూడా మేలు చేయువాడు లేడు, ఒక్కడైనను లేడు అని ఉంది. ఎఫెసీ 2:8-9 చూస్తే రక్షణ కృప వల్ల, క్రియల వల్ల కాదు. మీ నాన్నగారు చేసింది సామాన్య కృప, అంటే దేవుడు నమ్మినవాళ్లకూ నమ్మనివాళ్లకూ ఇచ్చే మంచి. అది మనుషుల మధ్య మంచే, దేవుని తీర్పు ముందు మాత్రం లెక్కకు రాదు. చదివితే కఠినంగా ఉంటది, నాకూ తెలుసు.

నల్లగొండ పంతులు:

తమ్ముడూ, నేను రిటైరైన తెలుగు పంతులును, కాథలిక్కును. వేదాంతి ఎవరూ కాదు గానీ మాటల సంగతి కొంచెం తెలుసు, కాబట్టి మాటల దగ్గర నుంచే వస్తా.

ఆ యెషయా వచనం మొత్తం చదువు. "మేమందరము అపవిత్రులవంటివారమైతిమి, మా నీతిక్రియలన్నియు మురికిగుడ్డవలె నాయెను." ఎవరు ఎవరితో అంటున్నారు? పాడుబడిన యెరూషలేమును తలుచుకొని ఏడుస్తూ జనం దేవునితో అంటున్న ప్రార్థన అది. "మా" అని ఉంది, "మీ" అని లేదు, "వాని" అని అసలే లేదు. మోకాళ్ల మీద ఉన్నవాడు తన గురించి తాను అనుకోవాల్సిన మాటను ఇంకొకరి ఇంట్లో, దినాల నాడు, చనిపోయినాయన మీద వేస్తే అది వాక్యం చెప్పడం కాదు. సర్వనామం మారితే అర్థం మారిపోతదని ముప్పై యేళ్లు పిల్లలకు చెప్పి చెప్పి అలసిపోయా, పెద్దలకు కూడా చెప్పాల్సి వస్తోంది.

ఇక రెండోది. ఆస్తి గల ఒకడు వచ్చి "సద్బోధకుడా" అని పిలిస్తే యేసు "దేవుడొక్కడే గాని మరి ఎవడును సత్పురుషుడు కాడు" అన్నాడు, మార్కు 10:18. బాగుంది. ఇప్పుడు అపొస్తలుల కార్యములు 11:24 తియ్యి. బర్నబాను గురించి "సత్పురుషుడు" అని రాసి ఉంది. అదే మాట! గ్రీకులో కూడా రెండు చోట్లా 'అగథోస్' అన్న మాటే. దేవునికి తప్ప ఎవరికీ తగదన్న మాటను అదే బైబిలు, కుప్ర (సైప్రస్ దీవి) నుంచి వచ్చి పొలం అమ్మి పైసలు తెచ్చి ఇచ్చిన మనిషికి పెట్టింది. అంటే మాట ఒకటే, సొంతదారు ఒకడే, తక్కినవాళ్లు తీసుకున్నవాళ్లు.

మంచితనం ముందు నాయిన దగ్గరే చూశానన్నావు చూడు, సరిగ్గా ఇదే ముచ్చట 13వ శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే కాథలిక్ వేదాంతి పట్టుకున్నాడు. మనం తెలుసుకునే వరుస వేరు, నిజంగా ఉన్న వరుస వేరు అన్నాడు. నల్లగొండలో పుట్టిన పిల్లకు నీళ్లంటే ముందు తెలిసేది నల్లా, కృష్ణ పేరు ఎప్పుడో బడిలో వింటది. నల్లాలోకి వచ్చేది కృష్ణ నీళ్లే. నల్లా నీళ్లు అసలు నీళ్లే కావు అంటే కృష్ణ గురించి ఆ పిల్లకు ఇంకేం చెప్తావు?

'కృపలో పాపి' గారికి ఒక మాట. ఇది మన ఊర్ల గొడవ కాదు, పాత గొడవ. నీతిమంతులుగా తీర్చబడక ముందు, అంటే దేవుడు కృపతో తనవాళ్లుగా చేసుకోక ముందు, చేసిన పనులన్నీ పాపాలే అనేవాళ్లను 1547లో మా కాథలిక్కుల ట్రెంట్ మహాసభ తప్పుబట్టింది. ఆంగ్లికన్ల, అంటే ఇంగ్లండు సంఘంవాళ్ల 39 సూత్రాల్లో 13వది దాదాపు దానికి ఎదురు, కృప అందక ముందు పనుల్లో పాప స్వభావం ఉంటదని. 1964లో మా రెండవ వాటికన్ సభ, తన తప్పు లేకుండా సువార్త తెలియక, మనస్సాక్షి చెప్పినట్టు బతికే మనిషికి కూడా రక్షణ దారి ఉందని రాసింది. మీరు ఒప్పుకోరని తెలుసు. కానీ కృప లేకుండా రక్షణ ఉందని మేమూ అనం.

మర్రిగూడ పోరడు:

మధ్యలో దూరుతున్నా, నేను ఏ మందిరానికీ పోను. మా అవ్వ పోయేది. నడుం వంగి నేలను చూస్తూ నడిచేది, మోకాళ్లు లోపలికి తిరిగి ఉండేవి, మా మండలంలో అట్లాంటోళ్లు ఇంటికొకరు. నీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దంటారు, మా బోరింగు నీళ్లలో దానికి ఎన్నో రెట్లు. అవ్వకు బాగా ఇష్టమైన వాక్యం "యెహోవా ఉత్తముడని రుచి చూచి తెలిసికొనుడి". రుచి చూస్తూనే ఉంది పాపం, అరవై యేళ్లు. ఫ్లోరైడుకు రుచి ఉండదు, అదే దాని మోసం.

ఆ నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి బాగు చేసే పద్ధతి కనిపెట్టింది మనుషులు, దానికి ఊరి పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. తర్వాత కృష్ణ నీళ్లు పైపుల్లో తెచ్చిందీ మనుషులే. భూమిలో ఫ్లోరైడు పెట్టిందెవరు మరి? నాకైతే అన్న వాళ్ల నాయిన మంచితనమే లెక్కకు దొరుకుతోంది, పైన ఉన్నాయనది దొరకట్లేదు. తప్పుగా అనుకోకండి.

నల్లగొండ పంతులు:

తప్పేముంది బాబూ. దీనికి నా దగ్గర జవాబు లేదు. ఉందని ఎవరైనా చెప్తే వాళ్లను మీ మండలంలో ఒక రోజు తిప్పాలి. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు అంతకంటే గట్టిగా అడిగాడు, చివర్లో దేవుడు తప్పుబట్టింది యోబును సమర్థించని స్నేహితుల్నే, దేవుని తరఫున వకాల్తా పుచ్చుకొని మాట్లాడినవాళ్లను. అది చదివినప్పటి నుంచి నేను ఆ వకాల్తా మానేశా. మీ అవ్వ ఆ వాక్యం ఎందుకు పట్టుకుందో మాత్రం నాకు తెలుసుకోవాలని ఉంది. ఆమె అమాయకురాలు అయి ఉండదు.

పాలమూరు అక్క:

నేను కోస్గి వైపు మనిషిని. మా అమ్మానాయిన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకొని కాలువ పనులకు పుణె, బొంబాయి దిక్కు పోయేవాళ్లు, నన్ను అవ్వ దగ్గర వదిలి. అందుకే నాకు మత్తయి 20లో ద్రాక్షతోట కథ చదివితే ఇక్కడి కథ లాగే ఉంటది. అడ్డా మీద నిలబడ్డవాళ్లకు తెలుసు, పొద్దున ఏడింటికి బలమున్నోళ్లను పట్టుకుపోతరు, పది దాటితే ముసలోళ్లు, బక్కోళ్లు, పిల్లతల్లులు మిగులుతరు. సాయంత్రం అయిదింటికి ఎవడొచ్చి పిలుస్తడు? ఆ యజమాని పిలిచాడు, గంట పని చేసినోళ్లకు దినం కూలి దేనారం పూర్తిగా ఇచ్చాడు. పొద్దుటి నుంచి ఎండలో చేసినోళ్లు గొణిగితే ఏమన్నాడు? "నేను మంచివాడనైనందున నీకు కడుపుమంటగా ఉన్నదా?"

ఎంత సక్కటి తెలుగు, కడుపుమంట! పంతులు సార్, ఇక్కడ కూడా ఆ గ్రీకు మాటే ఉందా చూడండి.

నా మటుకు నాకు తేడా ఇక్కడే తెలిసింది. మా ఆడబిడ్డకు ఆపరేషన్ అయితే రెండు నెలలు నేనే చూసుకున్నా, నిజంగా ప్రేమతోనే, నటన కాదు. తర్వాత మా పాప ఫంక్షన్‌కు ఆమె ఉత్త చేతులతో వచ్చింది. ఆ రోజు రాత్రి గిన్నెలు కడుగుతూ నాకు రెండు నెలల లెక్క మొత్తం గుర్తొచ్చింది, ఏ రోజు ఏం వండి పెట్టానో కూడా, ఒక పూట మటన్ పులుసు చేశానని కూడా! నేను చేసింది మంచి కాదా? మంచే. కానీ లోపల ఎక్కడో చిట్టా రాసుకుంటూనే ఉన్నానన్నమాట, నాకే తెలియకుండా. మురికిగుడ్డ అంటే నాకు ఆ చిట్టానే. గుడ్డ మాత్రం మంచి గుడ్డే.

తమ్ముడూ, మీ నాయిన బిందె లెక్క రాయలేదంటే చాలా గొప్ప. మనలో అంత చేసేటోళ్లు తక్కువ.

నల్లగొండ పంతులు:

ఉందమ్మా, 20:15లోనూ అదే 'అగథోస్'. పంతులునై ఉండి నేను చూడలేదు, నువ్వు పట్టుకున్నావు.

కృపలో పాపి:

అక్కా మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. నేను సిద్ధాంతం మార్చుకోను, కానీ దినాల ఇంట్లో ఆ వచనం నేను కూడా రెండుసార్లు చెప్పి ఉంటా.

దేవరకొండ తమ్ముడు:

అందరికీ థ్యాంక్స్. పంతులు సార్ రాసింది అమ్మకు చదివి వినిపించా, "మా" అని ఉంది "మీ" అని లేదు అన్న కాడ ఆపి మళ్లీ చదవమంది.

అక్కా, మీరు చిట్టా అన్నాక ఒకటి చెప్పక తప్పదు, ముందు పోస్టులో కావాలనే రాయలేదు. ఆ కరువులో నీళ్లు పట్టుకోని ఇల్లు మా వాడలో ఒకటుంది. మా చిన్నాయినది. గట్టు తగాదా, రెండు గుంటల జాగా కోసం. పన్నెండేళ్లు మాటల్లేవు. చిన్నమ్మ ఒకసారి బిందె పట్టుకొని లైన్లో నిలబడితే నాయిన ఏమీ అనలేదు, తిట్టలేదు, మోటారు బంద్ చేసి ఇంట్లోకి పోయాడు. లైన్లో ఉన్నోళ్లంతా ఆమెను చూశారు. నాకప్పుడు పదహారేళ్లు, గోడ మీద కూర్చొని చూస్తున్నా. ఆమె వెళ్లిపోయాక మళ్లీ వేశాడు.

ఇది రాస్తుంటే నాయినను తిట్టినట్టు అనిపిస్తోంది. కానీ రెండూ ఆయనే కదా. వాన పడితే రెండు చేన్ల మీదా పడ్డది, ఈ మోటారు మాత్రం గట్టు దాటలేదు.

చిన్నాయిన చావుకు రాలేదు, దినాలకు వచ్చి ఒక మూలకు కూర్చొని తినిపోయాడు. మొన్న మడి దగ్గర కనిపిస్తే ఆయన వరి నెర్రెలు బారి ఉంది. అమ్మ ఒక తడి ఇయ్యమంటోంది. నాకైతే మనసు లేదు, అబద్ధం ఎందుకు. ఇచ్చినా మా పైపు అక్కడిదాకా అందదు, నూటయాభై, నూటఅరవై అడుగులు తక్కువ పడ్తది.

మర్రిగూడ పోరడు:

అన్నా దేవుని ముచ్చట నాకు తెల్వదు గానీ పైపులు నా పనే, డ్రిప్పు, పీవీసీ ఫిట్టింగు చేస్తా. ఒక్కో పైపు ఇరవై అడుగులు, నీకు ఎనిమిది పడ్తయి, రెండించులవే తీసుకో. బెండ్లు తక్కువ పెట్టు, ప్రెషరు పోతది. ఆ సైకిల్ ట్యూబు జాయింటు తీసేసి కప్లింగు వేయి, సొల్యూషన్ పూసినంక ఒక పూట ఆరనియ్యి, వెంటనే మోటారు వేయకు. గట్టు దాటే కాడ మాత్రం ఫీటున్నర లోతు తవ్వి పైపును మట్టిలో పెట్టు, లేకుంటే ట్రాక్టరు ఎక్కితే పలుగుతది.

దేవరకొండ తమ్ముడు:

ట్యూబు ముక్క తియ్యను తమ్మీ. దాని అవతల నుంచి కలుపుతా.