సీబీడీలో (పైత్యనాళంలో) పెద్ద రాయి: ముందు బెలూనా, నేరుగా లేజరా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
అందరికీ నమస్కారమండీ. మా అమ్మకి గాల్‌బ్లాడర్ ఎప్పుడో తీయించీసాం, ఇప్పుడు కామెర్లొచ్చి స్కాన్ తీస్తే పైత్యనాళంలో 18 మిల్లీమీటర్ల రాయి ఉందన్నారు. ఈఆర్‌సీపీ (నోట్లోంచి స్కోప్ వేసి నాళంలోని రాయి తీయడం) చేసారు గానీ రాయి రాలేదు, పైత్యం పారడానికి ప్లాస్టిక్ స్టెంట్, అంటే సన్నటి గొట్టం, వేసి పంపించీసారు. ఇప్పుడు ఒక డాక్టరుగారు పెద్ద బెలూన్‌తో దారి వెడల్పు చేసి లాగీయొచ్చంటారు, ఇంకొకాయన నేరుగా స్పైగ్లాస్ పెట్టి లేజర్‌తో పగలగొట్టించీమంటారు, ఖర్చులో చాలా తేడా ఉంది. ఏది ముందు?

బరంపురం_అక్క:
నా మాట వింటే నేరుగా లేజరే తమ్ముడూ. ఒకసారి రాలేదు కదా, మళ్ళీ బెలూన్, అదీ కాకపోతే బుట్ట అని పెద్దావిడకి ఎన్నిసార్లు మత్తిస్తారు? తీగబుట్టలో రాయిని పట్టి నలగ్గొడతారు చూడు, రాయి గట్టిదైతే బుట్ట రాయితో సహా లోపలే ఇరుక్కుపోవచ్చు. స్పైగ్లాస్‌లో సన్నటి కెమెరా నాళం లోపలికే వెళ్తుంది, రాయిని చూస్తూ కొడతారు, నాళం ఎక్కడైనా అనుమానంగా ఉంటే అప్పుడే ముక్క తీసి బయాప్సీకి పంపొచ్చు.

రాయగడ_ఫార్మసీ:
అక్కా, లేజర్ మంచిదే, కాదనను, గానీ అది మొదటి మెట్టు కాదు. 2019లో యూరప్ ఎండోస్కోపీ సొసైటీ ఇచ్చిన గైడ్‌లైన్ కూడా ఇలాంటి మొండి రాళ్ళకి ముందు నాళం మూతి కొంచెం కోసి 12 నుంచి 20 మిల్లీమీటర్ల బెలూన్‌తో సాగదీయమనే చెప్తోంది, అలా కుదరనప్పుడే కెమెరాతో లేజర్ గానీ ఈహెచ్‌ఎల్ (కరెంటు నిప్పురవ్వతో రాయి పగలగొట్టడం) గానీ. 18 మిల్లీమీటర్ల రాళ్ళు కూడా బెలూన్‌తో వచ్చేస్తుంటాయి. ఆ స్కోప్ ఒక్కసారి వాడి పారేసేది, బిల్లు పెరిగేది అందుకే. పైగా సెలైన్ పోస్తూ చేయాలి, దాంతో నాళంలో ఇన్ఫెక్షన్ రావొచ్చు, అందుకే ముందే యాంటీబయాటిక్ ఇస్తారు. ఈహెచ్‌ఎల్ నిప్పురవ్వ గోడకి తగిలితే నాళానికి చిల్లు పడే ప్రమాదమూ ఉంది.

గుణుపురం_మాష్టారు:
మా తోడల్లుడికి హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రిలో కోత లేకుండా ఒంటి బయట నుంచే షాక్‌వేవ్ ఇచ్చి రాళ్ళు పొడి చేసారు. అమ్మగారికి అదే చేయించకూడదా?

రాయగడ_ఫార్మసీ:
మాష్టారూ, మీ తోడల్లుడిగారివి క్లోమంలో రాళ్ళు అయ్యుంటాయి. అవి కాల్షియంతో గట్టిపడి సన్నటి నాళంలో బిగుసుకుపోతాయి, బుట్టతో లాగడం కష్టం, అందుకే 5 మిల్లీమీటర్లు దాటినవాటికి ముందు షాక్‌వేవ్, తర్వాత ఈఆర్‌సీపీ. పైత్యనాళం రాళ్ళకీ షాక్‌వేవ్ ఉంది గానీ స్కోప్ పద్ధతులొచ్చాక చాలా తగ్గిపోయింది.
ఇంకోటి, క్లోమంలో రాయి పోయినంత మాత్రాన నొప్పి పోతుందని లేదు. అదే ఏఐజీలో 2021-22లో 106 మంది మీద పరీక్ష చేసారు, సగం మందికి ఉత్తుత్తి చికిత్స, మిగతావాళ్ళకి నిజంగా షాక్‌వేవ్, ఎండోస్కోపీ. 12 వారాలకి నొప్పిలో కొద్దిపాటి తేడా కనిపించింది, 24 వారాలకి అదీ లేదు. నెదర్లాండ్స్‌లో 88 మందితో చేసి 2020లో ప్రచురించిన స్టడీలో అయితే ముందుగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకే నొప్పి తక్కువ. పైత్యనాళం సంగతి వేరు, అక్కడ రాయి పూర్తిగా బయటికొస్తే కామెర్లూ చలిజ్వరమూ తగ్గుతాయి, అందుకే పద్ధతి పేరు కన్నా నాళం పూర్తిగా ఖాళీ అవడం ముఖ్యం.

బరంపురం_అక్క:
సరే, నాళం కింది భాగం సన్నగా ఉంటే? బెలూన్‌ని నాళం వెడల్పు దాటించకూడదు, దాటితే చిరుగుతుంది. పైనున్న రాయి కింది దారికన్నా పెద్దదైతే పగలగొట్టకుండా రాదు, అలాంటప్పుడు బెలూన్ పేరుతో ఒక సిట్టింగ్ ఎందుకు పోగొట్టుకోవాలి?

రాయగడ_ఫార్మసీ:
అక్కడ మీతో ఏకీభవిస్తానక్కా, కింది నాళం సన్నగా ఉంటే, రాయి కాలేయం లోపల ఉంటే, నేరుగా లేజరే. అందుకే తమ్ముడూ, ఎమ్మార్‌సీపీ (పైత్యనాళాల ఎమ్మారై స్కాన్) రిపోర్టులో రాయి సైజుతో పాటు కింది నాళం ఎంత వెడల్పుందో అడుగు. విశాఖ వెళ్ళినా భువనేశ్వర్ వెళ్ళినా బెలూన్, బుట్ట, లేజర్ మూడూ ఒకేచోట ఉన్న ఆసుపత్రికే వెళ్ళండి, ఒకటి కుదరకపోతే అదే మత్తులో రెండోది చేసేలా ముందే మాట్లాడుకోండి. 2025 నుంచి ఒడిశాలోనూ ఆయుష్మాన్ కార్డు ఉంది, పక్క రాష్ట్రం జాబితా ఆసుపత్రుల్లోనూ చెల్లుతుంది, గానీ స్పైగ్లాస్ ప్యాకేజీలో వస్తుందా అని చేరకముందే అడగాలి.

మహేంద్రతనయ:
రిపోర్టులో వెడల్పు రాయలేదండి, సీడీ ఉంది. స్టెంట్ ఉంది కదా, పండగ వెళ్ళాక చూసుకోవచ్చా?

రాయగడ_ఫార్మసీ:
సీడీ పట్టుకెళ్ళు, డాక్టరుగారే కొలుస్తారు. స్టెంట్ తాత్కాలికమే, 3 నుంచి 6 నెలల్లో తీయాలి లేదా మార్చాలి, మూసుకుపోతే చీము పడుతుంది. వణుకుతో జ్వరం గానీ, కళ్ళు మళ్ళీ పచ్చబడడం గానీ కనిపిస్తే పండగ చూడకు, ఆ రాత్రే తీసుకెళ్ళిపో.