సైకిల్ సీటు పైభాగం గరుకుగా ఉంటే మంచిదా, నున్నగా ఉంటే మంచిదా? మీ అనుభవాలు చెప్పండి

కొండాపూర్_పెడల్
అందరికీ నమస్తే. నాలుగేళ్లు వాడిన సీటు చిరిగిపోతే పోయిన నెల కొత్తది వేయించాను. వెడల్పు పాతదే, 143 మి.మీ. మెత్తదనం కూడా ఇంచుమించు అంతే. తేడా పైభాగంలోనే ఉంది. పాతది వాడీ వాడీ నున్నగా అయిపోయింది. కొత్తదాని మీద సన్నటి రబ్బరు బొడిపెలు ఉన్నాయి. జారకుండా పట్టు ఉంటుందని షాపులో చెప్పారు. నిజమే, ఓఆర్ఆర్ పక్కన సోలార్ కప్పు ఉన్న 23 కి.మీ. ట్రాక్ మీద ఒక రౌండు కొడితే భలే అనిపించింది. కానీ ఆదివారం అనంతగిరి వెళ్లొచ్చేసరికి తొడల లోపలివైపు, కూర్చునే ఎముకల దగ్గర చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా అయింది. స్నానం చేస్తే ఒకటే మంట. రెండు రోజులు ఆఫీసులో కూర్చోలేకపోయాను. షార్ట్స్ అవే, సైకిల్ అదే. పైభాగం మారినందుకే ఇంత తేడా వస్తుందా? వచ్చే నెల 200 బ్రెవే (గడువులోగా 200 కి.మీ. తొక్కే రైడ్) ఉంది, టెన్షన్‌గా ఉంది.

బెజవాడ_బ్రెవే
వస్తుంది బ్రదర్, తప్పకుండా వస్తుంది. ఒక లెక్క చూడండి. నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పితే గంటకు 4,800. ఎనిమిది గంటలు తొక్కితే ఒక్కో తొడ సీటు అంచుకు 38,400 సార్లు రాసుకుంటుంది. అరగంటలో తెలియని గరుకు ఎనిమిది గంటల్లో పుండు అవుతుంది.

అసలు సంగతి ఏంటంటే, మనం కూర్చున్నచోట మూడు పొరలు ఉంటాయి: చర్మం, షార్ట్స్, సీటు. కాలు ఆడుతున్నప్పుడు ఎక్కడో ఒకచోట జారక తప్పదు. షార్ట్స్‌కీ సీటుకీ మధ్య జారితే బాధ లేదు, అరిగేది బట్ట. సీటు షార్ట్స్‌ను గట్టిగా పట్టేసుకుంటే ఆ జారుడు లోపలికి, చర్మానికీ షార్ట్స్‌కీ మధ్యకి వస్తుంది. అప్పుడు అరిగేది మనం. చెమటతో తడిసిన చర్మం మీద ఒరిపిడి ఇంకా ఎక్కువ. మన ఎండల్లో ఆ తడి ఎప్పుడూ ఉండేదే కదా.

ఇంతకీ సీటు మార్చినప్పుడు ఎత్తు, వాలు మళ్లీ కొలిచారా?

కొండాపూర్_పెడల్
లేదండీ. సీట్ పోస్ట్ (సీటు కింది గొట్టం) మీద పాత గుర్తు దగ్గరే బిగించారు.

సైకిల్_మేస్త్రీ_వరంగల్
అక్కడే ఉంది తమ్ముడూ. పోస్ట్ మీద గుర్తు అదే అయినా, కింది పట్టాల నుంచి సీటు పైదాకా ఎత్తు ఒక్కో మోడల్‌కు ఒక్కోలా ఉంటుంది. క్రాంక్ (పెడళ్లు బిగించిన చేతులు) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైభాగం దాకా టేపు పెట్టి కొలువు. పాత సీటు పారేయలేదు కదా? అది కూడా పక్కన పెట్టుకుని చూడు. సీటు ఎక్కువ ఎత్తులో ఉంటే పెడల్ కిందికి వెళ్లిన ప్రతిసారీ నడుము అటూ ఇటూ ఊగుతుంది. నున్నటి సీటు ఆ ఊపును జార్చేస్తుంది. గరుకు సీటు జార్చదు.

సీటు ముక్కు కిందికి వాలి ఉన్నా ఇదే గొడవ. మనిషి ముందుకు జారుతుంటాడు, చేతులతో వెనక్కి నెట్టుకుంటుంటాడు. షాపుకు వచ్చేవాళ్లలో చాలామంది "జారుతోంది, పట్టున్న సీటు ఇవ్వన్నా" అని అడుగుతారు. ముందు వాలు సరిచేసి పంపిస్తాను. సగం మంది మళ్లీ సీటు అడగరు.

తెనాలి_పాతసైకిల్
నా అనుభవం వేరు, అయినా పనికొస్తుందేమో. మాది రోడ్‌స్టర్, అంటే పాతకాలం బరువు సైకిల్, స్ప్రింగుల మీద వెడల్పు రెక్సిన్ సీటు. నిటారుగా కూర్చుంటాం కాబట్టి బరువంతా సీటు మీదే. మా నాన్నగారు పాతికేళ్లు పొద్దునా సాయంత్రం దాని మీదే పాలు పోశారు. రెక్సిన్ జారుడుగానే ఉంటుంది, కానీ గాలి ఆడదు. ఎండలో నిలబెడితే కాలిన పెనమే. నాన్నగారు పాత నూలు తువ్వాలు మడిచి సీటు మీద కట్టేవారు. అది చెమట పీల్చేది, పైగా లుంగీ దాని మీద కదిలేది. ఎటొచ్చీ ముడి సీటు కింద ఉండాలి. పక్కకు వస్తే తొడకు గుచ్చుకుంటుంది. ఇప్పటికీ నేను అలాగే కట్టుకుంటాను. పది కిలోమీటర్ల లోపు దీన్ని మించింది నాకు కనిపించలేదు.

విశాఖ_ఉదయం
ఆడవాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట. నేను బీచ్ రోడ్డు మీదుగా రోజూ ఆఫీసుకు సైకిల్ మీదే వెళ్తాను, మామూలు కాటన్ ప్యాంటుతో. ప్యాడ్ షార్ట్స్ లేనప్పుడు గరుకు కంటే కుట్లు ఎక్కువ బాధ పెడతాయి. నా మొదటి సీటుకు మధ్యలో అందం కోసం వేసిన ఎత్తు కుట్టు ఉండేది. సరిగ్గా మెత్తటి చోటే తగిలేది. ఎవరికి చెప్పాలో తెలియక ఆరు నెలలు ఓర్చుకున్నాను. తర్వాత కుట్టు లేని, మధ్యలో గాడి ఉన్న సీటు వేయించుకుంటే వారంలో మర్చిపోయాను. కొత్తగా మొదలుపెట్టే అమ్మాయిలకు చెప్పేది ఇదే: కొనేముందు అరచేత్తో సీటంతా తడిమి చూడండి. చేతికి తగిలే ప్రతి కుట్టూ రేపు ఒంటికి తగులుతుంది.

పైన నూలుబట్ట నేసిన రబ్బరు సీటు కూడా కొన్నాళ్లు వాడాను. కూర్చోవడానికి బాగుంది. కానీ దాని గరుకుకు రెండు ప్యాంట్లు వెనక పలచబడిపోయాయి. అంటే ఒరిపిడి బట్ట తీసుకుంది, నేను తీసుకోలేదు. బెజవాడ గారి లెక్క ప్రకారం అది మంచిదే అనుకోవాలి!

కాకినాడ_తోలుసీటు
నున్నటి పైభాగం కావాలంటే తోలు సీటును మించింది లేదు. బ్రూక్స్ వాళ్ల బీ17 మోడల్ 1890ల నుంచి వస్తోంది. ఇన్నేళ్లయినా దూరాలు తొక్కేవాళ్లు దాన్ని వదలకపోవడానికి కారణం ఉంది. ఫోమ్ ఉండదు. మందపాటి తోలును ముందుకూ వెనక్కూ లాగి బిగిస్తారు. కొత్తలో చెక్కలా ఉంటుంది. తొక్కేకొద్దీ ఎముకల దగ్గర రెండు గుంటలు పడతాయి, పైన మెరుపు వస్తుంది. ఆ గుంటలే పట్టు, ఆ మెరుపే జారుడు. వెనక నిలబెడుతుంది, అంచుల్లో వదిలేస్తుంది. పట్టు కావాల్సింది ఎముకల కింద, జారుడు కావాల్సింది తొడలు ఆడేచోట అని దాని మీద కూర్చున్నాకే నాకు అర్థమైంది.

కష్టాలూ ఉన్నాయి. వానలో తడిసిన సీటు మీద తొక్కితే తోలు సాగిపోతుంది. మా తీరంలో వానాకాలం గదిలో పెట్టినా బూజు పడుతుంది. పొడిబట్టతో తుడుస్తూ ఉండాలి. కొబ్బరినూనె మాత్రం పట్టించకండి. నేను పట్టించాను, తోలు మెత్తబడి మధ్యలో ఊయలలా దిగిపోయింది. దానికోసం తయారుచేసిన మైనమే, అదీ కొంచెమే రాయాలి.

ట్రైనర్_మీద_నేను
అందరూ గరుకును తిడుతున్నారు కాబట్టి నేను దాని తరఫున మాట్లాడతాను. బాగా వంగి, చేతులు ముందుకు చాచి గంటసేపు ఒకే భంగిమలో తొక్కేవాళ్లకు నున్నటి సీటు నరకం. నిమిషానికోసారి వెనక్కి జరగాలి. ప్రోలోగో వాళ్ల సీపీసీ సీట్ల మీద ఉండే చిన్న చిన్న బొడిపెలు అందుకే. నాకు 40 కి.మీ. టైమ్ ట్రయల్‌లో (గడియారంతో పోటీపడి ఒంటరిగా తొక్కే రేసు) అవి నిజంగా ఉపయోగపడ్డాయి. అదే సీటు మీద 120 కి.మీ. తొక్కితే నాకూ మీ పరిస్థితే వచ్చింది. రెండు పనులకు ఒకే పైభాగం సరిపోదని నా అభిప్రాయం. ఇప్పుడు రెండు సీట్లు మార్చి మార్చి వాడుతున్నాను.

బెజవాడ_బ్రెవే
ఒప్పుకుంటాను. గంట పనికీ, రోజంతా పనికీ తేడా ఉంది.

కొండాపూర్ గారూ, చర్మం పూర్తిగా మానేదాకా ఎక్కకండి. చీము, జ్వరం లాంటివి కనిపిస్తే డాక్టరుకు చూపించండి. మానాక ఒరిపిడి చోట క్రీమ్ రాసుకుని వెళ్లండి. షార్ట్స్ లోపల లోదుస్తులు వద్దు. ఆ కుట్లు చాలు మళ్లీ పుండు చేయడానికి. జెల్ కవర్ మాత్రం తొడగకండి, అది సీటు మీద తనే కదులుతుంది.

కొండాపూర్_పెడల్
పన్నెండు రోజుల తర్వాత వస్తున్నాను. టేపు పెట్టి చూస్తే సీటు పాతదాని కంటే 9 మి.మీ. ఎత్తులో ఉంది! ముక్కు కూడా కిందికి వాలి ఉంది. రెండూ సరిచేసి 60, తర్వాత 90 తొక్కాను. ఎముకల దగ్గర మంట పూర్తిగా పోయింది. తొడల దగ్గర మాత్రం కొంచెం ఉంది. మేస్త్రీ అన్నా, మీకు చాలా థాంక్స్.

సైకిల్_మేస్త్రీ_వరంగల్
సంతోషం తమ్ముడూ. తొడల దగ్గర రెండువైపులా ఉందా, ఒకవైపేనా?

కొండాపూర్_పెడల్
ఇప్పుడు మీరు అడిగాక గమనించాను. కుడివైపే.

సైకిల్_మేస్త్రీ_వరంగల్
పాత సీటు వెలుతురులో పెట్టి చూడు. ఏ పక్క ఎక్కువ మెరుస్తోంది?

కొండాపూర్_పెడల్
కుడి అంచు అద్దంలా ఉంది అన్నా. ఎడమవైపు ఇంకా కంపెనీ గీతలు కనిపిస్తున్నాయి. నాలుగేళ్లు ఒక పక్కకు ఒరిగి కూర్చుంటున్నానన్నమాట, నున్నగా ఉండబట్టి తెలియలేదు. శనివారం రెండు సీట్లూ పట్టుకుని ఫిట్టింగ్ చేసేవాళ్ల దగ్గరికి వెళ్తున్నాను. ఏం చెప్పారో ఇక్కడే రాస్తాను.