మ్యాక్ డిక్షనరీలో మాట దొరుకుతోంది, అర్థం మాత్రం వినపడటం లేదు. వాయిస్‌ఓవర్‌తో ఎలా చదవాలి?

ప్రశ్న (తిరుపతి, ఎంఏ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో హాస్టల్‌లో ఉండి ఎంఏ ఇంగ్లీషు చదువుతున్నాను. నాకు చూపు లేదు. డిగ్రీ దాకా విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్‌తోనే (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) చదివాను. ఈమధ్య మా మామయ్య తను వాడిన మ్యాక్‌బుక్ ఇచ్చారు. అందులో డిక్షనరీ ముందే ఉందని తెలిసి చాలా సంతోషపడ్డాను. కానీ మాట టైప్ చేసి రిటర్న్ కొడితే మ్యాక్‌లోని స్క్రీన్ రీడర్ వాయిస్‌ఓవర్ ఆ మాటను పలికి ఊరుకుంటోంది. బాణం కీలు ఎన్ని నొక్కినా అర్థం చదవడం లేదు. రూమ్మేట్ చూసి "స్క్రీన్ నిండా అర్థాలున్నాయే" అంటోంది. ప్రతి మాటకూ తనను పిలవలేను కదా. ఇంకొకటి, నవల చదువుతుండగా తెలియని మాట వస్తే పుస్తకం వదలకుండా అక్కడే అర్థం చూసే దారి ఉందా? వచ్చే వారం సెమినార్ ఉంది. టెన్షన్‌గా ఉంది.

జవాబు (శ్రీకాళహస్తి)

అమ్మా, ఎన్‌వీడీఏ మెనూలో ప్రిఫరెన్సెస్ కింద స్పీచ్ డిక్షనరీస్ అని ఉంటుంది. అలాంటిదే వాయిస్‌ఓవర్ సెట్టింగుల్లోనూ ఉంటుంది. ఒకసారి అది తెరిచి చూడండి.

జవాబు (చిత్తూరు, ఉపాధ్యాయుడు, వాయిస్‌ఓవర్ వాడేవారు)

శ్రీకాళహస్తి అన్న చెప్పింది మంచి సౌకర్యమే కానీ అది అర్థాల కోసం కాదు. ఏ మాటను ఎలా పలకాలో స్క్రీన్ రీడర్‌కు నేర్పే పట్టిక అది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన మన ఊరి పేర్లను అది తప్పుగా పలికితే అక్కడ సరిచేయవచ్చు. ఇక్కడి సమస్య వేరు.

అమ్మా, మీ మ్యాక్‌లో ఏ లోపమూ లేదు. ఎన్‌వీడీఏలో వెబ్ పేజీని కింది బాణంతో వరసగా చదువుకుంటూ పోవచ్చు. వాయిస్‌ఓవర్‌కు స్క్రీన్ అంటే గదులున్న ఇల్లు. గుమ్మం దగ్గర గది పేరు చెప్పి ఆగుతుంది. మీరు లోపలికి అడుగు పెడితేనే అక్కడున్నది చదువుతుంది. డిక్షనరీలో అర్థం ఉన్న భాగం అలాంటి గదే.

కంట్రోల్, ఆప్షన్ కీలు రెండూ కలిపి పట్టుకోవడాన్ని వీఓ అంటాం. వాటి బదులు క్యాప్స్‌లాక్ కూడా పెట్టుకోవచ్చు. ఎన్‌వీడీఏకు అలవాటైన చేతికి అదే హాయి. కమాండ్+స్పేస్ నొక్కి డిక్షనరీ పేరు ఇంగ్లీషులో టైప్ చేసి రిటర్న్ కొట్టండి. వెతికే పెట్టెలో మాట రాసి మళ్ళీ రిటర్న్ కొట్టి, వీఓ+కుడి బాణంతో ముందుకు వెళ్ళండి. దారిలో దగ్గరి మాటల జాబితా, నిఘంటువులను ఎంచుకునే బటన్లు తగులుతాయి, దాటేయండి. హెచ్‌టీఎంఎల్ కంటెంట్ అనో వెబ్ కంటెంట్ అనో వినపడిన చోట ఆగి, వీఓ+షిఫ్ట్+కింది బాణం నొక్కండి. లోపలికి వెళ్ళినట్టే. వీఓ+ఏ నొక్కితే మొత్తం చదువుతుంది, వీఓ+కుడి బాణంతో కొంచెం కొంచెంగా వినవచ్చు. పని అయ్యాక వీఓ+షిఫ్ట్+పై బాణంతో తప్పకుండా బయటికి రండి. లోపలే ఉండి వెతికే పెట్టె కోసం తిరిగితే అది ఎంతకీ దొరకదు. ఎన్‌వీడీఏ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా చిక్కుకునేది అక్కడే.

ముందు ఉచ్చారణ గుర్తులు వస్తాయి. వాటిని వాయిస్‌ఓవర్ ఏదోలా చదువుతుంది, పట్టించుకోవద్దు. ఆ తర్వాత నామవాచకమా క్రియా అన్నది, అంకెలు వేసిన అర్థాలు, ఉదాహరణ వాక్యాలు, చివర్లో ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందన్న వివరం. మీరు సాహిత్యం చదువుతున్నారు కాబట్టి మొదటి అర్థం దగ్గరే ఆగకండి. పాత నవలల్లో చాలాసార్లు కింద ఉన్న అర్థమే వాక్యానికి సరిపోతుంది. పక్కనున్నవాళ్ళు చదివి పెడితే సాధారణంగా మొదటిదే చదివి ఆపేస్తారు. మన డిక్షనరీ మనమే చూసుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

మీ రెండో ప్రశ్నకు జవాబు, దారి ఉంది. మీరు రాస్తున్న ఫైలులో అయితే ఆప్షన్+షిఫ్ట్+కుడి బాణంతో మాటను సెలెక్ట్ చేసి కంట్రోల్+కమాండ్+డి నొక్కండి. అర్థం ఒక చిన్న విండోలో తెరుచుకుంటుంది, ఎస్కేప్‌తో మూసుకుంటుంది. చదవడానికి మాత్రమే వీలున్న పీడీఎఫ్‌లో అయితే వాయిస్‌ఓవర్ కర్సర్‌ను (అది చదువుతున్న చోటును చూపే గుర్తు) మాట మీద ఉంచి, వీఓ+కమాండ్+ఎఫ్5తో మౌస్ పాయింటర్‌ను అక్కడికి తెచ్చుకుని, అప్పుడు అదే కంట్రోల్+కమాండ్+డి నొక్కాలి.

ఆ చిన్న విండోలోకి వాయిస్‌ఓవర్ ఒక్కోసారి దానంతట అది వెళ్ళదు. దానితో కుస్తీ పట్టకండి. నేనైతే ఇలా చేస్తాను. మాట మీద వీఓ+డబ్ల్యూ ఒక్కసారి నొక్కితే మాటను పలుకుతుంది. వెంటనే వీఓ+షిఫ్ట్+సి నొక్కితే చివరగా పలికింది కాపీ అవుతుంది. తర్వాత కమాండ్+స్పేస్, కమాండ్+వి. అలా తెరుచుకునే స్పాట్‌లైట్ (మ్యాక్‌లో వెతికే సాధనం) ఫలితాల్లో కింది బాణంతో వెళితే డిక్షనరీ అర్థం తగులుతుంది. చెప్పడానికి పొడుగ్గా ఉంది కానీ వేళ్ళకు అలవాటైతే చదువు ఆగదు.

స్పెల్లింగు గురించీ ఒక మాట. వీఓ పట్టుకునే డబ్ల్యూ రెండోసారి నొక్కితే అక్షరం అక్షరం చెబుతుంది, మూడోసారి నొక్కితే ఒక్కో అక్షరానికి ఒక్కో మాట పెట్టి చెబుతుంది. చెవితో చదివే మనకు ఇది చాలా ముఖ్యం. రాత్రి అనే నైట్, కే అక్షరంతో మొదలయ్యే వీరుడి నైట్ వినడానికి ఒకటే. అయితే కాపీ చేయాలంటే స్పెల్లింగు చెప్పించకముందే చేసేయండి.

డిక్షనరీ, వాయిస్‌ఓవర్ రెండూ మ్యాక్‌లోకి వచ్చింది 2005లోనే, టైగర్ అనే 10.4 వెర్షన్‌తో. కాబట్టి మామయ్య ఇచ్చిన మ్యాక్ కొంచెం పాతదైనా ఈ పని ఆగదు.

జవాబు (తిరుపతి, కొంచెం చూపు ఉన్నవారు)

నాలాగా కాస్త కనపడేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, డిక్షనరీలో కమాండ్+ప్లస్ నొక్కితే అక్షరాలు పెద్దవవుతాయి.

ప్రశ్న అడిగినవారు

సార్, చాలా చాలా థ్యాంక్స్! లోపలికి వెళ్ళడం కుదిరింది, మొత్తం చదువుతోంది. డబ్ల్యూ కిటుకు కూడా పనిచేసింది. ఇంకో మూడు సందేహాలు. అమెరికన్ స్పెల్లింగులే ముందు వస్తున్నాయి, మాకు బ్రిటిష్‌వి కావాలి. హాస్టల్‌లో నెట్ సరిగా రాదు, అప్పుడూ డిక్షనరీ పనిచేస్తుందా? సెమినార్‌కు ఇచ్చిన ఒక పీడీఎఫ్‌లో ఏ మాటా అసలు వినపడటమే లేదు, పేజీ నంబరు తప్ప.

జవాబు (చిత్తూరు, ఉపాధ్యాయుడు)

డిక్షనరీలో ఉండి కమాండ్+కామా నొక్కండి. నిఘంటువుల జాబితా వస్తుంది. బ్రిటిష్ ఇంగ్లీషు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు మీద వీఓ+స్పేస్ కొట్టి టిక్ పెట్టండి. వరస మార్చడానికి మౌస్‌తో లాగాలి, మనకు అది శ్రమ. అమెరికన్‌ది టిక్ తీసేస్తే సరి. టిక్ పెట్టినప్పుడు నిఘంటువు మ్యాక్‌లోకి దిగుతుంది కాబట్టి ఆ ఒక్కసారికి నెట్ కావాలి, తర్వాత అక్కర్లేదు. జాబితాలో కనిపించే వికీపీడియాకు మాత్రం ఎప్పుడూ నెట్ ఉండాల్సిందే. తెలుగు అర్థాలు కావాలంటే నెట్ ఉన్నప్పుడు ఆంధ్రభారతి సైట్‌లో వెతకండి, బ్రౌన్ నిఘంటువుతో సహా చాలా వాటిలో ఒకేసారి చూడవచ్చు.

ఇక ఆ పీడీఎఫ్. అది పుస్తకాన్ని స్కాన్ చేసిన ఫోటోలే అయి ఉంటుంది. అందులో అక్షరాలు లేవు, అక్షరాల బొమ్మలున్నాయి. ముందు ఓసీఆర్ చేసి బొమ్మను అక్షరాలుగా మార్చాలి. మీ పాత విండోస్ కంప్యూటర్ ఇంకా ఉంటే, విండోస్ 10 గానీ ఆ తర్వాతది గానీ అయితే, పేజీని తెర మీద తెరిచి ఎన్‌వీడీఏ+ఆర్ (ఎన్‌వీడీఏ కీ అంటే మామూలుగా ఇన్సర్ట్) నొక్కండి, ఉన్నంతవరకు గుర్తించి చదువుతుంది. ఒక్క సెమినార్‌కు అది చాలు. కోర్సు మొత్తానికి మాత్రం సుగమ్య పుస్తకాలయలో సభ్యత్వం తీసుకోండి. చూపు లేనివాళ్ళు, అచ్చు పుస్తకం చదవలేనివాళ్ళ కోసం 2016లో మొదలైన ఆన్‌లైన్ గ్రంథాలయం అది. పుస్తకాలు స్క్రీన్ రీడర్ చదవగలిగే రూపంలో దొరుకుతాయి. వైకల్య ధ్రువీకరణ పత్రం సిద్ధంగా పెట్టుకోండి. సెమినార్‌లో ఏ నవల మీద మాట్లాడుతున్నారో ఇక్కడ రాయండి, అందులో ఉందేమో ఈ రాత్రే వెతికి చెబుతాను.